గాయనీనర్తకుల సమాధులును మన బాలబాలికలును

శీతకాలము వచ్చినతోడనే మన పాఠశాలలవారు బాలబాలికలను బండ్లలో నెక్కించి పురాతన స్థలములను చూపుటకు గొనిపోవుదురు. ఇది మంచి యాచారము. రాజు పేరు పుస్తకములో నున్నంతకాలము పరీక్షకు మాత్రమే పనికివచ్చును. ఆ రాజు కట్టించిన గోడను చేతితో తాకిన పిల్లవానికి ఆ పేరు మనసున నాటుకొనును. హైదరాబాదు పరిసరములలోని విద్యార్థులకు ఇట్టి యాత్రలలో ముఖ్యమైనవి గోలకొండకోటయు, దాని చెంతనున్న కుతుబ్‌షాహీ సమాధుల తోటయు. ఆ తోటలో రాజులును, రాజకుటుంబమువారును, ఆస్థానమునకు చెందిన హకీములును శాశ్వతనిద్ర పొందియున్నారు. 1626 మొదలు 1672 వరకు రాజ్యమేలిన అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు గాయనీనర్తకులు తారామతి, ప్రేమామతి యనువారి సమాధులని చెప్పబడు రెండు చిన్న కట్టడములు కూడ ఆ తోటలోనే గలవు.

పెద్ద గుమ్మటముల క్రింద నిలిచినపుడు ఉపాధ్యాయుని కంఠము గంభీరముగా నుండును. రాజు పేరు, రాజ్యకాలము, గుమ్మటము ఎత్తు, పిల్లలు పలకలపై కాకున్నను పుస్తకములలో వ్రాసికొందురు. ఈ చిన్న సమాధులకడకు వచ్చుసరికి ఆ కంఠము మారిపోవుట సామాన్యము. కొందరు వేగముగా దాటింతురు. కొందరు కోటకును దూరపు మందిరమునకును నడుమ కట్టిన త్రాటిపై ఆ స్త్రీలు నాట్యమాడుచు వచ్చెడివారను కథ నొకదానిని చెప్పి నవ్వింతురు. ఏ పిల్లయైనను "వీరు రాజుగారి కేమి కావలెను?" అని యడిగినచో పెద్దలు ఒకరి మొగము నొకరు చూచుకొందురు.

ఈ చిన్న సంకోచమును గూర్చియే మేమిపుడు విచారింపదలచితిమి. ప్రసిద్ధులైన గాయనీగాయకుల, నర్తకీనటుల సమాధులకు మన పిల్లలను గొనిపోవచ్చునా? గొనిపోయినయెడల అచ్చట వారికి ఏమి చెప్పవలెను? మనకు వినోదమును గూర్చినవారికి మనము ఋణపడియున్నామా? ఉన్నచో ఆ ఋణమును తీర్చు విధమేది? విషయము విహారయాత్రకు సంబంధించినదే యైనను ప్రశ్న మాత్రము గృహములో, పెండ్లిపందిటిలో, నాటకశాలలో మనము నిత్యమును ఎదుర్కొనునదియే.

మొదటి యాక్షేపణ పెద్దలనుండి వచ్చును. "బాలురను వీరుల సమాధులకు, మహనీయుల సమాధులకు గొనిపోవలెను, నాట్యకత్తెల జీవితములు అనుకరణీయములు కావు గదా, వాని నేల చూపవలెను?" అని వారందురు. ఈ మాటలో కొంత బలము లేకపోలేదు. అయినను దీనిని కడవరకు నడిపించి చూడుడు. రాజుల సమాధులకడకు మనము పిల్లలను తీసికొనిపోవునపుడు ఆ రాజుల జీవితములెల్ల అనుకరణీయములని తలచి తీసికొనిపోవుచున్నామా? ఎవ్వని కొలువులో ఆ నర్తకి యాడెనో, ఎవ్వని ధనమును, ఎవ్వని యిచ్చయు ఆమె బ్రదుకును నిర్ణయించెనో, ఆ రాజు గుమ్మటము క్రింద నిలిచి అతని తేదీలను పిల్లలచేత వల్లె వేయించునపుడు మనలో నెవ్వరికిని సిగ్గు కలుగుట లేదు. ఆ స్త్రీ సమాధి యొద్ద మాత్రము సిగ్గు ముంచుకొని వచ్చును. ఒకే కార్యమునకు ఇరువురు కారకులై యుండగా ఒకరికి గౌరవమును మరియొకరికి అపకీర్తియు పంచి పెట్టు నీతిని నీతి యనవచ్చునా? పిల్లలు మన మాటలకంటె మన మొగములను శీఘ్రముగా చదువుదురు. ఆనాడు వారు నేర్చుకొను పాఠము చరిత్ర కాదు, ఎవరి యెదుట తలవంచవలెనో, ఎవరిని చూచి నవ్వవలెనో అను లోకరీతి.

స్త్రీలను విడిచి పురుషుల సంగతి చూతము. గ్వాలియరులో మహమ్మదు గౌసు అను సూఫీగురువు మహాసమాధి ప్రక్కన తాన్‌సేనుని చిన్న సమాధి గలదు. అక్బరు సభలోని ఈ గాయకుడు కూడ ప్రభువును రంజింపజేసి జీతము పుచ్చుకొన్నవాడే. అతని సమాధి చెంతనున్న చింతచెట్టు ఆకును నమలినచో కంఠము మధురమగునని గాయకులు నమ్మి దేశదేశములనుండి వచ్చెడివారు. ఏటేట అచ్చట గొప్ప సంగీతోత్సవము జరుగుచున్నది. తాన్‌సేను సమాధికి పిల్లలను గొనిపోవుటకు ఏ తండ్రియు వెనుదీయడు. కాబట్టి మన సంకోచమునకు కారణము వినోదవృత్తి కాదు, రాజాశ్రయమును కాదు. ఆ వృత్తిని స్త్రీ యవలంబించుటయు, ఆమె పాటకు మాత్రమే గాక ఆమె దేహమునకు కూడ లోకము వెల కట్టుటయు కారణము. వెల కట్టినవారు మరుగున పడిపోయిరి. వెల కట్టబడినది మాత్రము సమాధిలో నుండియు సమాధానము చెప్పుకొనవలసి వచ్చుచున్నది.

ఇక ఒక సమాధికడకు చదువరులను మనసుచేతనే గొనిపోవుదుము. హైదరాబాదునకు ఈశాన్యముగా మౌలా అలీ కొండ గలదు. ఆ కొండ పాదమున ప్రహరీగోడలోపల, నాలుగు భాగములుగా తీర్చిన తోట నడుమ, మాహ్ లఖా బాయి తన తల్లి రాజ్ కున్వర్ బాయికి 1792లో సమాధి కట్టించెను. 1824లో ఆమె మరణించినపుడు తల్లి ప్రక్కనే ఆమెను పూడ్చిరి. 1768లో జన్మించిన యీమెకు తలిదండ్రులిడిన పేరు చందా. రెండవ ఆసఫ్ జాహీ నిజాము అలీఖాను కొలువులోను, అతని కుమారుడు సికందర్ జా కొలువులోను ఆమె గాయనిగా, నర్తకిగా, కవయిత్రిగా ప్రసిద్ధి కెక్కెను. చంద్రవదన యను నర్థముగల మాహ్ లఖా యనునది ఆస్థానమువారిచ్చిన బిరుదు. ఉర్దూభాషలో గజళ్ళను సంపూర్ణ సంపుటముగా కూర్చిన మొదటి స్త్రీలలో నామె యొకతె. ఆ సంపుటపు వ్రాతప్రతి నొకదానిని 1799లో జాన్ మాల్కం అను ఆంగ్లోద్యోగికి ఆమె కానుకగా నిచ్చెను. అది నేటికిని లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఆమెకు జాగీరులు గలవు. చరిత్రగ్రంథమును వ్రాయించిన పోషకురాలు ఆమె. పలువురు బాలికలకు సంగీతనాట్యములు నేర్పించినది. అడిక్‌మెట్టు ప్రాంతమున ఆమె పేరు మోయు దిగుడుబావి యొకటి నేటి ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయపు ఆవరణలో గలదు. వేలకొలది యువతీయువకులు దాని ప్రక్కనుండి నిత్యమును చదువునకు పోవుచున్నారు.

ఆ సమాధి చిరకాలము శిథిలముగా పడియుండి, 2010 ప్రాంతమున అమెరికా ప్రభుత్వము ఒసగిన నిధితో బాగుచేయబడినది. ఆమె సేవించిన ఇరువురు నిజాములు నగరమధ్యమున మక్కామసీదు ఆవరణలో నిద్రించుచున్నారు. వారిని చూడని పరదేశి లేడు. ఆమె పాటను విన్న నగరమునకు ఆమె గోడను నిలువబెట్టుటకు సముద్రముల యావలనుండి ధనము రావలసి వచ్చెను.

ఇట్టి స్త్రీని గూర్చి పిల్లలతో ఏమి చెప్పవలెను? రెండు తప్పుడు త్రోవలు గలవు. ఆమెను "నిజాముగారి వేశ్య" యని యొక్క మాటతో ముగించుట మొదటిది. ఆమె చుట్టును చంద్రికలు, అత్తరులు, మఖమలు తెరలు అల్లి, ఆ కాలమంతయు కళామయమై యుండెననియు, ఆమె సర్వస్వతంత్రయై విహరించెననియు వర్ణించుట రెండవది. నేటి రచయితలలోను, చలనచిత్రములలోను ఈ రెండవ త్రోవయే యెక్కువ. మొదటిది ఆమె ప్రతిభను దాచుచున్నది. రెండవది ఆమె పుట్టిన స్థితిని దాచుచున్నది. ఆమె వంటి భాగ్యము పొందిన నర్తకులు తరమునకు ఒకరిద్దరు. తక్కిన వేలకొలది స్త్రీలు బాల్యమున తమ సమ్మతి యడుగకయే ఆ వృత్తిలో ప్రవేశపెట్టబడి, యౌవనము గడచినతోడనే విడువబడిరి. ఆమెవద్ద నాట్యము నేర్చిన బాలికలను సైతము ఎవ్వరును "నీకిది యిష్టమా?" యని యడిగి యుండరు. ప్రతిభను చెప్పునపుడు స్థితిని మరువక, స్థితిని చెప్పునపుడు ప్రతిభను చిన్నచేయక చెప్పుట కష్టమే. కాని కష్టమైనంత మాత్రమున ఉపాధ్యాయుడు విడువదగినది కాదు.

ఇచట రెండవ యాక్షేపణ లేచును. ఇది సంస్కరణాభిమానులనుండియే వచ్చును. "మన పూర్వులు ఎంతయో శ్రమపడి వేశ్యాసంపర్కమును, పెండ్లిండ్లలో భోగముమేళములను మాన్పించిరి. ఇప్పుడు ఆ స్త్రీల సమాధులకు పిల్లలను గొనిపోయి పూలు చల్లించినయెడల మానిన దురాచారమునకు మరల వన్నె పెట్టినట్లు కాదా?" అని వారి ప్రశ్న. కందుకూరి వీరేశలింగము పంతులుగారును, వారి సహచరులును పందొమ్మిదవ శతాబ్దమునందు చేసిన ఆందోళనమును మేము తక్కువ చేయువారము కాము. చిన్నపిల్లలను దేవునికి సమర్పించు నెపమున మానవుల యిచ్ఛకు సమర్పించుట ఘోరమైన యన్యాయము. ఆ సమర్పణమును నిషేధించుచు 1947లో మదరాసు శాసనసభ చేసిన చట్టము న్యాయమైన చట్టము. అందు మాకు సందేహము లేదు.

కాని దురాచారమును నిర్మూలించుట వేరు, దానికి బలియైనవారిని నిర్మూలించుట వేరు. మేళమును పిలిపించిన యజమాని యుండెను. తాంబూలము నమలుచు చూచిన బంధువు లుండిరి. ఆడిన స్త్రీ యుండెను. సంస్కరణము వచ్చిన తరువాత యజమాని సంస్కర్త యయ్యెను, బంధువులు సభ్యులైరి, ఆ స్త్రీ మాత్రము ఎన్నటికిని "ఆ జాతిది" గానే నిలిచిపోయెను. తెలుగుదేశపు కళావంతుల కుటుంబములు తమ విద్యను దాచుకొని, ఇంటిపేర్లను మార్చుకొని, పిల్లలకు అమ్మమ్మ పాటను నేర్పుటకు జంకినవి. అదే నాట్యమును, అదే పదములను ఇతర కుటుంబముల బాలికలు నేర్చి వేదికలపై నాడగా దానికి సత్కళ యని పేరు వచ్చెను. ఇందలి తారతమ్యమును పిల్లలకు చెప్పకున్నచో మనము సంస్కరణమును సగమే నేర్పినవారమగుదుము.

ఈ విషయమున తెలుగు సాహిత్యచరిత్రమే మనకొక సాక్ష్యము నిచ్చుచున్నది. తంజావూరి మరాఠారాజు ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని యను విదుషి "రాధికాసాంత్వనము" అను కావ్యమును రచించెను. వీరేశలింగము పంతులుగారు తమ "ఆంధ్రకవుల చరిత్రము"లో ఆ కావ్యమందలి శృంగారము స్త్రీనోట రాదగినది కాదని నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ మాటను చదివి ఊరకుండలేదు. తానును దేవదాసీకుటుంబమున పుట్టిన గాయని యైన ఆమె, వ్రాతప్రతిని సంపాదించి, పాఠమును పరిష్కరించి, 1910లో వావిళ్లవారిచేత ముద్రింపజేసెను. తన పీఠికలో ఆమె వేసిన ప్రశ్న యొక్కటే: ఉచితానుచితముల విచారము స్త్రీలకు మాత్రమేనా, అంతకు మించి వ్రాసిన పురుషకవుల కది లేదా? మరుసటి యేడు ప్రభుత్వమువారు ఆ గ్రంథమును నిషేధించిరి. నిషేధము 1947లో తొలగెను. దేవదాసీ సమర్పణమును నిషేధించిన సంవత్సరమును, దేవదాసి ప్రకటించిన పుస్తకమునకు విముక్తి కలిగిన సంవత్సరమును ఒక్కటే యగుట చదువరులు గమనింపదగినది. మొదటిది సంస్కరణమైనచో రెండవదియు సంస్కరణమే. పంతులుగారి యెడల మాకు గల గౌరవము ఇందుచేత తగ్గదు. గౌరవింపదగినవారి మాటను కూడ తూచి చూచుట వారే మనకు నేర్పిన విద్య గదా.

ఈ నాగరత్నమ్మగారే మన విషయమునకు ఉత్తమమైన యుదాహరణము కూడ నిచ్చిరి. తెలుగులో కీర్తనలు రచించిన త్యాగరాజస్వామి 1847లో కావేరీతీరమున తిరువయ్యారులో పరమపదించిరి. వారి సమాధి కాలక్రమమున పాడుపడియుండగా, నాగరత్నమ్మగారు తాను పాటపాడి సంపాదించిన ధనముతో ఆ స్థలమును సంపాదించి గుడి కట్టించిరి. 1925లో ప్రతిష్ఠ జరిగెను. గుడి కట్టించిన యామెకు అచ్చటి యారాధనలో పాడుటకు మాత్రము హక్కు లేకపోయెను. ఉత్సవమును నడుపు పురుషుల పక్షములు స్త్రీలను పాడనీయలేదు. ఆమె స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించిరి. 1940 ప్రాంతమున పక్షములన్నియు నొకటై స్త్రీలకును పాడు నవకాశము కలిగెను. 1952లో ఆమె మరణింపగా, త్యాగరాజస్వామి సమాధి కెదురుగనే ఆమెకు సమాధి ఏర్పడినది. ఆ సమాధిపై నున్న ఆమె ప్రతిమ నేటికిని స్వామివైపు చూచుచు కూర్చున్నది.

సంగీతము నేర్చు బాలికలను తిరువయ్యారు గొనిపోవు ఉపాధ్యాయులకు మేము చెప్పునది యిది. స్వామి సమాధికి మ్రొక్కిన తరువాత వెనుకకు తిరిగి ఈ సమాధిని కూడ చూపుడు. ఈమె యెవరో, ఏ కుటుంబమున పుట్టినదో, ఎవరు ఆమెను పాడవద్దనిరో, ఆమె యేమి చేసెనో దాచక చెప్పుడు. పదునాలుగేండ్ల బాలికకు ఈ కథ యర్థము కాకపోదు. ఏ నీతిపుస్తకమును ఇంతకంటె స్పష్టముగా బోధింపజాలదు.

మూడవ దోషమును గూర్చి కూడ హెచ్చరింపవలసియున్నది. ఇది ద్వేషమువలన గాక ఉత్సాహమువలన కలుగునది. ప్రసిద్ధ నటుల, గాయకుల సమాధులకడ జనులు గుంపులు గూడి, చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రములు తీసికొని, వారి ప్రణయకథలను చెప్పుకొని నవ్వుకొని తిరిగివత్తురు. బ్రదికియుండగా మనకు వినోదము కూర్చినవారిచేత చచ్చిన తరువాత కూడ మరియొక యాట ఆడించుట యిది. గోలకొండలోని త్రాటికథ యిట్టిదే. ఆ నర్తకి యెట్టి పాట పాడెనో, ఏ తాళమున కాడెనో మన కక్కరలేదు. ఆమె త్రాటిమీద నడచెనను నద్భుతము చాలును. సమాధి ప్రేక్షకశాల కాదు. అచ్చట ప్రేక్షకుడు తన టిక్కెట్టు నిజముగా ఎంతకు కొన్నాడో లెక్క చూచుకొనవలెను. తాను పొందిన యానందమునకు మరియొకరి బాల్యము, మరియొకరి పరువు, మరియొకరి వృద్ధాప్యము వ్యయమైనవా యని యడుగుకొనవలెను. మనము చెల్లింపవలసిన ఋణమని మేము మొదట చెప్పినది ఇదియే.

ఈ ఋణమును పిల్లలచేత తీర్పించు ఉపాయము కఠినమైనది కాదు. యాత్రకు ముందు వారముననే ఆ కళాకారుని పాటను వినిపింపుడు. కవయిత్రియైనచో పద్యమును చదివింపుడు. పనిని ఎరుగక పేరును మాత్రము చూచుటకు పోవుట వ్యర్థము. సమాధికడ పేరును పూర్తిగా చెప్పుడు. "ఫలానా ప్రభువుగారి నర్తకి" యనక "నర్తకి, కవయిత్రి మాహ్ లఖా బాయి" యనుడు. ప్రభువు పేరు తరువాత రావచ్చును. పిల్లలు అడిగిన ప్రశ్నకు వారి వయసునకు తగిన నిజమును చెప్పుడు. "ఆ కాలమున ఆడుటయు పాడుటయు వృత్తిగాగల స్త్రీలకు పెండ్లి చేసికొను హక్కును లోకము ఇయ్యలేదు, వారిని పోషించిన పెద్దమనుష్యులే వారిని తక్కువగా చూచిరి, అది యన్యాయము" అని చెప్పినచో పదేండ్ల పిల్లకు చాలును. నవ్వవలసిన యవసరము అందు ఎచ్చటను లేదు.

ఇంతగా చెప్పుటకు మరియొక ముఖ్యకారణము గలదు. నలువదిమంది పిల్లలు సమాధి చుట్టును నిలిచియుండగా, వారిలో నొక బాలిక ముత్తవ్వ అట్టి కుటుంబముననే పుట్టి యుండవచ్చును. ఆ సంగతి ఉపాధ్యాయునికి తెలియదు, ప్రక్కపిల్లలకు తెలియదు, ఆ బాలికకు ఇంటిలో గుసగుసగా తెలిసియుండును. ఉపాధ్యాయుడు కొంటెగా నవ్విన నవ్వు సమాధిలోని స్త్రీని తాకదు. ఆమె నిందాస్తుతులకు దూరమైనది. అది ఆ బాలికను తాకును. ఆమె ఆ దినము ఇంటికి పోయి తల్లితో ఏమియు చెప్పదు. తన యవ్వ చిత్రపటమును మాత్రము గోడనుండి తీసి పెట్టెలో పెట్టును. అదే ఉపాధ్యాయుడు గౌరవముతో నాలుగు మాటలు చెప్పినయెడల ఆ పటము గోడకే యుండును. చచ్చినవారికి మనము చేయు మర్యాద బ్రదికియున్నవారికే చేరునని ఇందువలన తెలిసికొనవలెను.

చివరకు సమాధులులేని వారిని గూర్చి. గుమ్మటము గాని, రాతిపలక గాని దక్కిన కళాకారులు మిక్కిలి కొందరు. ఆ తారామతి పాడుచుండగా సారంగి వాయించినవాడెవడు? మాహ్ లఖా బాయి ఆడుచుండగా తబలా వాయించినవాడెవడు? ఊరూర తిరిగి ఆడిన భాగవతులు, తోలుబొమ్మలవారు, రాత్రులంతయు దివిటీల వెలుగున వేషములు కట్టినవారు ఎచ్చట మట్టిలో కలిసిరో గుర్తు పెట్టినవారు లేరు. వారి సమాధులకు యాత్ర సాధ్యము కాదు. కాని వారి మనుమలును మునిమనుమలును మన వీధులలోనే యున్నారు. మన యింటి పెండ్లిలో సన్నాయి యూదువారికి భోజనము ఎప్పుడు పెట్టుచున్నాము? అందరును తిని లేచిన తరువాతనా? డోలు వాయించు వృద్ధుని మన పిల్లలు "నీవు" అని పిలుచుచుండగా మనము విని యూరకుండుచున్నామా? ఉత్సవమున నాడిన బాలికను మెచ్చుకొని, ఆమె మన యింటి కోడలు కాదగినదా యను మాట వచ్చినపుడు తలయూపక మానుచున్నామా?

మన పిల్లలను ఆ సమాధులకు తప్పక పంపుదము. తిరిగి వచ్చిన నాటి రాత్రి భోజనము చేయుచు, అచ్చట ఏమి చూచితిరని కాక, అచ్చట ఎవరి పేరు విన్నారని వారి నడుగుదము. ఆ పేరును గౌరవవాచకముతో వారు పలికినచో యాత్ర సఫలమైనట్లే. పలుకనిచో ఆ గౌరవవాచకమును మన నోటితో మొదట మనమే పలుకుదము.